ఎవరెస్టా, అన్నపూర్ణా, లాంగ్‌టాంగా: నేపాల్‌లో మొదటి ట్రెక్‌కి ఏ దారి?

నిరుడు ఉగాది మర్నాడు మా బావగారు ఫోన్ చేశారు. "ఒరేయ్, ఈ ఏడు ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి వెళ్దాం. నువ్వు వెళ్లొచ్చావు కదా, ఏర్పాట్లన్నీ నువ్వే చూడు" అన్నారు. ఆయనకి యాభై రెండేళ్లు, బ్యాంకు ఉద్యోగం. రోజూ పొద్దున్నే గంట నడక తప్ప వేరే కసరత్తు లేదు. కొండెక్కడమంటే ఆయనకి తెలిసింది తిరుమల మెట్లే.

"సెలవు ఎన్ని రోజులు దొరుకుతుంది బావా?" అని అడిగాను.

"శని ఆదివారాలు కలుపుకుంటే పన్నెండు."

ఆ ఒక్క మాటతో ఎవరెస్ట్ సంగతి తేలిపోయింది. ఆ ముక్క ఆయన చేత ఒప్పించడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఆయనకి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మొదటిసారి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ దారిని పేరు చూసి ఎంచుకుంటారు. చూసుకోవాల్సింది రెండే: చేతిలో ఎన్ని రోజులున్నాయి, రాత్రిళ్లు ఎంత ఎత్తులో పడుకోవాలి.

ముందు, నేపాలే ఎందుకు? వీసా అక్కర్లేదు. దారి పొడవునా గదీ భోజనమూ ఇచ్చే టీహౌస్‌లు ఉంటాయి కాబట్టి డేరాలూ వంటసామానూ మోయక్కర్లేదు. కాస్త హిందీ వస్తే చాలు, ఎక్కడా మూగనోము పట్టాల్సిన పని లేదు. కిలిమంజారో గురించి చాలామంది అడుగుతారు. 5,895 మీటర్ల శిఖరాన్ని ఐదారు రోజుల్లో ఎక్కించేసే ప్యాకేజీలు అక్కడ మామూలు. మొదటిసారి వెళ్లేవాళ్లకి అంత తొందర నాకు నచ్చదు, ఖర్చు కూడా నేపాల్‌కి ఎన్నో రెట్లు. దాన్ని రెండోదో మూడోదో చేసుకోండి.

ఇక నేపాల్‌లో కొత్తవాళ్లు తేల్చుకోవాల్సింది నాలుగు దారుల మధ్య: పూన్‌హిల్, అన్నపూర్ణ బేస్ క్యాంప్, లాంగ్‌టాంగ్ లోయ, ఎవరెస్ట్ బేస్ క్యాంప్. మార్దీ హిమాల్ అని ఇంకొకటుంది, అది ఇప్పుడు బాగా పేరు తెచ్చుకుంటోంది కానీ గదులు తక్కువ, సీజన్‌లో భోజనాల గదిలో బల్లల మీద పడుకున్నవాళ్లని చూశాను.

పడుకునే ఎత్తు

మన తెలుగు నేల మీద ఎత్తైన కొండలు అల్లూరి జిల్లాలో ఉన్నాయి. అవి కూడా 1,700 మీటర్లు దాటవు. తిరుమల కొండ 850 మీటర్ల చిల్లర. అంటే మన ఒంటికి ఎత్తు అనేదే తెలియదు. రెండున్నర వేల మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. దీనికి వయసుతో, కండబలంతో పెద్దగా సంబంధం లేదు. జిమ్‌కి వెళ్లే పాతికేళ్ల కుర్రాడు పడిపోతాడు, పక్కనే అరవై ఏళ్ల పెద్దావిడ నిమ్మళంగా నడుచుకుంటూ వెళ్లిపోతుంది. కుర్రాడు పడిపోయేది చాలాసార్లు వేగంగా వెళ్లడం వల్లే.

పర్వత వైద్యులు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ మధ్య తేడా 500 మీటర్లు మించకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా ఫర్వాలేదు, దిగొచ్చి కింద పడుకుంటే చాలు. ఏ ప్యాకేజీ కాగితం మీ చేతికొచ్చినా ముందు రోజువారీ ఎత్తులు చూసి ఈ లెక్క వేయండి. చవక ప్యాకేజీల్లో చాలావాటికి ఇక్కడే బండారం బయటపడుతుంది. రెండు రోజులు మిగిలిస్తే రెండు రోజుల గైడు జీతం, గది, తిండి మిగులుతాయి కదా.

ఎత్తుకి అలవాటు పడటానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పి మరీ అడగాలి. పడేవాళ్లకైనా అది అలవాటు పడటానికి సాయం చేస్తుందే తప్ప తొందరపాటుని మాఫీ చేయదు. తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనబడితే మాత్రం మాత్రల గురించి ఆలోచించకూడదు. అర్ధరాత్రైనా సరే కిందికి దిగిపోవాలి.

పూన్‌హిల్: వారం సెలవు ఉన్నవాళ్లకి

పోఖరా నుంచి నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పడుకునేది 2,870 మీటర్ల దగ్గరున్న ఘోరేపానీలో. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి టార్చి పెట్టుకుని ఓ ముప్పావుగంట ఎక్కితే 3,210 మీటర్ల పూన్‌హిల్. ధవళగిరి, దక్షిణ అన్నపూర్ణ, మచ్ఛపుచ్ఛ్రే ఒకే వరసలో కనిపిస్తాయి. ఎత్తు జబ్బు భయం చాలా తక్కువ. పదేళ్లు దాటిన పిల్లలతో, నడిచే అలవాటున్న అమ్మానాన్నలతో వెళ్లాలంటే నేను చెప్పేది ఇదే.

ఒకటే చిక్కు, ఉల్లేరి మెట్లు. మూడు వేలకు పైగా రాతిమెట్లు. అలిపిరి దారిలో 3,550 ఉన్నాయి కదా, అదెంత అనుకోకండి. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాదూరం చదునుగా ఉండి మళ్లీ మోకాళ్ల మిట్ట దగ్గరే కదా ప్రాణం తీసేది. ఇక్కడ ఆ మధ్య విశ్రాంతి లేదు, ఏకంగా మోకాళ్ల మిట్టే. ఇప్పుడు ఉల్లేరి దాకా జీపు పోతుంది కాబట్టి మోకాళ్లు అరిగినవాళ్లు మొహమాటపడకుండా జీపెక్కేయండి.

అన్నపూర్ణ బేస్ క్యాంప్: మేం వెళ్లింది

ఎత్తు 4,130 మీటర్లు. పోఖరా నుంచి పోఖరాకి ఏడెనిమిది రోజులు, తెలుగు రాష్ట్రాల నుంచి రానుపోను కలిపితే పదకొండు పన్నెండు. బావగారి సెలవుకి సరిగ్గా అతికింది. దీపావళి అయిన వారానికి బయల్దేరాం.

ఈ దారిలో మొదటి రెండు మూడు రోజులు గురుంగ్ తెగవాళ్ల ఊళ్ల మధ్య నుంచి, మడిచెక్కల పక్క నుంచి నడక. రోజంతా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఛోమ్రోంగ్ ఊరి నుంచి ఏటి దాకా వేలకొద్దీ మెట్లు దిగి, వంతెన దాటి అవతల అంతా మళ్లీ ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు అదే పని తిరగేసి. ఎత్తు సంగతి ఎలా ఉన్నా, మోకాళ్ల విషయంలో ఎవరెస్ట్ దారి కంటే ఇదే కష్టం అని నా అభిప్రాయం. రెండు చేతులకీ కర్రలు తప్పనిసరి. బావగారు "ముసలాడిలా కర్ర ఏంటిరా" అని మొదటి రోజు సంచిలో పెట్టుకున్నారు. రెండో రోజు సాయంత్రానికి నా కర్రలు కూడా అడిగారు.

ఛోమ్రోంగ్ దాటి లోపలికి వెళ్లాక మాంసం తీసుకెళ్లకూడదని స్థానికుల కట్టుబాటు. ఆ లోయని వాళ్లు దేవతల చోటుగా చూస్తారు. మచ్ఛపుచ్ఛ్రే శిఖరం ఎక్కడానికి అనుమతే ఇవ్వరు. శాకాహారులకి ఇంతకంటే నిశ్చింతైన దారి లేదు.

జాగ్రత్తపడాల్సింది చివరి మెట్టులో. దేవ్‌రాలీ 3,200 మీటర్లు. అక్కణ్నుంచి ఒకే రోజులో 4,130కి వెళ్లి పడుకోమంటాయి చాలా ప్యాకేజీలు. తొమ్మిది వందల మీటర్లు! పైన చెప్పిన లెక్కకి దాదాపు రెట్టింపు. దేవ్‌రాలీలో ఆ రాత్రి బావగారు దాల్ భాత్ సగంలో వదిలేశారు. ఆయన అన్నం వదిలేయడం నేను అదే చూడటం. అడిగితే "ఏం లేదురా, కాస్త తల బరువు" అన్నారు. మా గైడు దాయీ, అక్కడ అన్నని అలాగే పిలుస్తారు, బావగారి చేత గదిలో నేల మీద చెక్కల సందు వెంబడి మడమకి వేలు తగిలేలా నడిపించి చూశాడు. తూలలేదు. లీటరు వేడినీళ్లు తాగించి పడుకోబెట్టాడు. మర్నాడు నెప్పి తగ్గాకే కదిలాం. అదీ బేస్ క్యాంప్ దాకా వెళ్లకుండా 3,700 మీటర్ల దగ్గరున్న మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌లోనే ఆగిపోయాం. తెల్లారి నాలుగున్నరకి లేచి, బరువులన్నీ అక్కడే వదిలేసి, పైకి వెళ్లి సూర్యోదయం చూసి దిగొచ్చేశాం. ముందు దక్షిణ అన్నపూర్ణ కొన మీద రాగిరంగు చుక్కలా పడి, గుండ్రంగా చుట్టూ ఉన్న కొండలన్నిటి మీదికీ ఒక్కొక్కటిగా దిగింది ఎండ. చలికి వేళ్లు కదలక బావగారు ఫొటో తీయలేకపోయారు. దిగొస్తుంటే సంచి జిప్పు లాగుతూ "ఆవకాయ ఎక్కడ పెట్టావు?" అన్నారు. నాకు అప్పటిదాకా పట్టి ఉంచిన ఊపిరి అప్పుడు వదిలింది. మీరూ మీ ప్యాకేజీలో ఇలాగే మార్పు అడగండి, గైడు ఎవరైనా ఒప్పుకుంటాడు.

ఇంకొకటి. దేవ్‌రాలీకీ మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌కీ మధ్య దారి మంచుచరియలు పడే చోటు. 2020 జనవరిలో ఆ ప్రాంతంలోనే ట్రెక్కర్లు చరియల కింద చిక్కుకుపోయారు. చలికాలం, వసంతం మొదట్లో బాగా మంచు కురిస్తే గైడు "ఈ రోజు వద్దు" అన్న మాటని బేరమాడకండి.

లాంగ్‌టాంగ్: జనం వద్దనుకునేవాళ్లకి

ఖాట్మండు నుంచి బస్సులోనో జీపులోనో స్యాబ్రుబేసి. దారి వంద కిలోమీటర్ల పైచిలుకే అయినా రోజంతా తినేస్తుంది, ఒంట్లో కీళ్లన్నీ విడగొడుతుంది. ట్రెక్‌లో కష్టమైన భాగం ఆ బస్సు ప్రయాణమే అనిపించింది నాకు. కానీ విమానం టికెట్ ఖర్చు లేదు, వాతావరణం బాగోలేక ఎక్కడో ఇరుక్కుపోయే బెంగ లేదు. ఏడెనిమిది రోజుల్లో ముగుస్తుంది.

లోయ చివర 3,870 మీటర్ల దగ్గర క్యాంజిన్ గొంపా. అక్కడ రెండు రాత్రులు ఉండి, పగటిపూట సుమారు 4,980 మీటర్ల చెర్కోరీ ఎక్కి దిగొచ్చి కిందే పడుకోవచ్చు. ఎత్తుకి అలవాటు పడటమంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. ఊళ్లో చీజ్ చేసే చోటు కూడా ఉంది, ఓ ముక్క కొనుక్కోండి. లామా హోటల్ నుంచి ఒకే రోజులో లాంగ్‌టాంగ్ ఊరికి వెయ్యి మీటర్లు ఎక్కించే ప్లాన్ ఉంటే మాత్రం మధ్యలో ఘోడాతబేలాలో ఒక రాత్రి ఆపమనండి.

2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఈ లాంగ్‌టాంగ్ ఊరే మంచూ రాళ్లూ కలిసిన చరియ కింద పూడిపోయింది. ఇప్పుడున్న ఇళ్లు ఆ తర్వాత కట్టుకున్నవి. దారి ఆ రాళ్లగుట్ట మీదుగానే వెళ్తుంది. అక్కడ టీ పోసే ప్రతి దిదీ ఇంట్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. అడక్కండి. వాళ్లే చెప్తే వినండి.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్: పదిహేడు రోజులుంటేనే

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కాక, ఆమెతో పాటు ఖమ్మం కుర్రాడు ఆనంద్ కూడా ఎక్కాక, మన దగ్గర ఆ కొండ పేరు ఇంటింటికీ చేరింది. ఆ ఇద్దరూ ఎక్కింది టిబెట్ వైపు నుంచి, భువనగిరి కొండ మీద మొదలుపెట్టి నెలల తరబడి శిక్షణ తీసుకుని. మనం నడిచే నేపాల్ వైపు దారి వేరు, అందులో తాళ్లు పట్టుకుని ఎక్కేదేమీ లేదు. అంతా నడకే. కష్టమల్లా ఎత్తు.

లుక్లా 2,860 మీటర్లతో మొదలై, నామ్చే 3,440, టెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,160 దగ్గర పడుకుంటూ వెళ్లాలి. నామ్చేలో ఒకటి, డింగ్‌బోచేలో ఒకటి ఆగే రోజులు. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. అక్కడ మనం పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగం. నడకకే పన్నెండు రోజులు. గోరక్‌షెప్‌లో నేను రాత్రి రెండు గంటలు కూడా నిద్రపోలేదు, పక్కకి ఒత్తిగిలితే ఆయాసం వచ్చేది. మరో సంగతి, బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ కొన కనబడదు! అది కనబడాలంటే పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి. ఈ ముక్క చెప్పినప్పుడు బావగారు ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పన్నెండు రోజులకి పైన అసలు సమస్య లుక్లా విమానం. అర కిలోమీటరు పొడవున్న ఏటవాలు రన్‌వే. మబ్బు పడితే విమానం లేదు. సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామేచ్ఛాప్ నుంచి వెళ్తాయి, అంటే అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు వ్యాన్‌లో ప్రయాణం. నేను వెళ్లినప్పుడు రామేచ్ఛాప్‌లో ఒకటిన్నర రోజు బెంచీ మీద కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో ఇంటికొచ్చే టికెట్ మర్నాటికి పెట్టుకున్న పుణె కుర్రాళ్లు లుక్లాలో ఆకాశం వంక చూస్తూ ఏడుపు మొహం పెట్టారు. రెండు ఖాళీ రోజులు లేకుండా ఈ దారికి ఎవరూ టికెట్లు కొనకండి. రానుపోను, ఖాళీ రోజులు కలిపితే పదహారు పదిహేడు.

అంత సెలవుంటే, చలి ఓర్చుకోగలిగితే, ఇంతకుముందు మూడున్నర వేల మీటర్ల పైన ఒకసారైనా పడుకుని ఉంటే తప్పకుండా వెళ్లండి. టెంగ్‌బోచే మఠం ముందు సాయంత్రం నిలబడి అమాదబ్లామ్ శిఖరం వైపు చూడటం ఇంకే దారిలోనూ దొరకదు. అదే మొదటి ట్రెక్ కావాలంటే మాత్రం నేను ఒద్దనే అంటాను.

ఎప్పుడు వెళ్లాలి, దసరా చిక్కు

అక్టోబర్ నుంచి నవంబర్ చివరిదాకా ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో లాలీగురాస్ పూలు అడవంతా ఎర్రగా పూస్తాయి కానీ మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, జలగలు.

మనవాళ్లు చేసే పొరపాటు దసరా సెలవుల్లో వెళ్లడం. మన దసరాయే వాళ్లకి దశైన్, పదిహేను రోజుల పెద్ద పండగ. మనకి సంక్రాంతికి ఎలాగో అలా ఖాట్మండు సగం ఖాళీ అయి ఊళ్లకి పోతుంది. బస్సుల్లో సీట్లుండవు, పోర్టర్లు ఇంటికెళ్లిపోతారు. దీపావళి దాటాక వెళ్తే ఈ తలనొప్పులేవీ ఉండవు.

ఖర్చులో ఎక్కడ తేడా వస్తుంది

మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన రేటు. పర్మిట్లు మనకి సార్క్ దేశాల రేటులో ఇస్తారు. నేను వెళ్లినప్పుడు అన్నపూర్ణకి 1,000 నేపాలీ రూపాయలు, ఎవరెస్ట్, లాంగ్‌టాంగ్ పార్కులకి 1,500 ఉండేది. ఇతర దేశాలవాళ్లకి 3,000. ఏజెన్సీ మీ దగ్గర 3,000 లెక్క వేసిందేమో చూసుకోండి. విదేశీయులు గైడుని పెట్టుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. అది లేకపోయినా మొదటిసారి గైడు లేకుండా వెళ్లొద్దని చెప్పేవాణ్ని.

గది అద్దె నామమాత్రం. కానీ భోజనం అక్కడే చేయాలి, వాళ్లకి మిగిలేది అందులోనే. ఎత్తు పెరిగేకొద్దీ టీ నుంచి వేడినీళ్ల దాకా అన్నిటి ధరా పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి గ్యాసుబండా ఎవరి వీపు మీదో గాడిద వీపు మీదో రావాల్సిందే. స్నానానికి వేరే, ఫోన్ చార్జింగ్‌కి వేరే. దాల్ భాత్ ఒక్కటి మాత్రం అడిగినన్నిసార్లు మళ్లీ వడ్డిస్తారు. కందిపొడి, చిన్న సీసా నెయ్యి ఉంటే పది రోజులు గడిచిపోతాయి. ఆవకాయ మాత్రం మూత గట్టిగా లేకపోతే మా బావగారి స్లీపింగ్ బ్యాగ్‌కి పట్టిన గతే మీదీ.

గాడిదల మంద ఎదురొస్తే కొండవైపు గోడకి ఆనుకుని నిలబడాలి, లోయవైపు ఎప్పుడూ కాదు. వాటి మీది సంచి తగిలితే అవి ఆగవు, మనమే పోతాం.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎన్ని మీటర్ల ఎత్తు దాకా చెల్లుతుంది, హెలికాప్టర్ ఖర్చు ఇస్తుందా అని రాతలో అడగండి. మామూలు విదేశీ ప్రయాణ పాలసీలు చాలావాటిలో ట్రెక్కింగ్ ఉండదు. అవసరం లేకున్నా హెలికాప్టర్ ఎక్కించి బిల్లు వేసే దందా 2018లో అక్కడ పెద్ద గొడవైంది. అందుకే తలనొప్పి రాగానే "హెలికాప్టర్ పిలుద్దామా" అనే గైడు కంటే "కిందికి దిగుదాం" అనే గైడు మంచివాడు.

నోట్ల విషయంలో నేను వంద రూపాయలవే తీసుకెళ్తాను, పెద్ద నోట్ల మీద అక్కడి నియమాలు మారుతూ వచ్చాయి. పోఖరా దాటాక ఏటీఎంల మీద ఆశ పెట్టుకోకండి. ఎవరెస్ట్ దారిలో నామ్చేలో ఉన్నాయి.

చివరిగా, విమానంలో వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ పట్టుకెళ్లాలి. పదిహేనేళ్ల లోపు, అరవై అయిదు దాటినవాళ్లకి తప్ప ఆధార్ చెల్లదు. ఢిల్లీలో మా ముందు వరసలో ఒకాయన బూట్లు, కర్రలు, డౌన్ జాకెట్ అన్నీ కొత్తవి వేసుకుని నిలబడ్డాడు. జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. బావగారు వెంటనే తన చొక్కా జేబు తడుముకుని ఓటరు కార్డు బయటికి తీసి, విమానం ఎక్కేదాకా చేతిలోనే పట్టుకున్నారు.